లీమాలో ఏం తినాలి? ఎవరి చేతి వంట తింటున్నాం?

ఈ ఎపిసోడ్‌లో మనం దక్షిణ అమెరికాలోని లీమా అనే ఊరి గురించి, అక్కడి తిండి గురించి మాట్లాడుకుందాం. పెరూ దేశానికి రాజధాని ఇది. జనాభా కోటి దాకా ఉంటుంది, అంటే ఇంచుమించు మన హైదరాబాద్ సైజు.

లీమా ఎందుకు అంటే, ఒక చిన్న లెక్క చెప్తాను. ప్రపంచంలోని 50 బెస్ట్ రెస్టారెంట్లు అని ప్రతి ఏడాదీ ఒక లిస్టు వస్తుంది. 2023 లో ఆ లిస్టులో నంబర్ వన్ సెంత్రాల్ అనే రెస్టారెంట్. అది లీమాలో ఉంది. 2025 లో నంబర్ వన్ మైదో. అదీ లీమాలోనే ఉంది. పారిస్ కాదు, టోక్యో కాదు, న్యూయార్క్ కాదు. మన దేశంలో చాలామంది మ్యాప్‌లో కూడా చూపించలేని ఊరు మూడేళ్ళలో రెండుసార్లు ఫస్ట్ వచ్చింది.

ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. అవుట్‌పుట్ బాగుంటే ఇన్‌పుట్ ఏంటి అని చూస్తాం. పోయిన ఏడాది నేను అక్కడ 12 రోజులు ఉన్నాను. తిన్నాను, తిరిగాను, చదివాను. అందుకే ఇవాళ మూడు విషయాలు చెప్తాను. అక్కడ ఏం తినాలి, ఆ వంట ఎలా పుట్టింది, ఆ వంటకి ఖరీదు ఎవరు కట్టారు. మూడోది వినకుండా వెళ్ళిపోవద్దు.

ముందు భూగోళం. లీమా ఎడారిలో ఉంది. నిజంగా ఎడారి. ఏడాది మొత్తం కలిపితే రెండు సెంటీమీటర్ల వాన కూడా పడదు. చలికాలంలో ఆకాశమంతా బూడిద రంగులో ఉండి, మంచు తుంపర లాంటిది ఒకటి పడుతుంది. దాన్ని గరువా అంటారు. గొడుగు తెరిచేంత కాదు, బట్టలు ఆరనివ్వనంత.

మరి ఎడారిలో తిండి ఎక్కడిది? పక్కనే పసిఫిక్ సముద్రం. అందులో హంబోల్ట్ ప్రవాహం అని చల్లటి నీళ్ళు దక్షిణం నుంచి వస్తాయి. ఆ ప్రవాహం వెంట సముద్రం అడుగున ఉన్న పోషకాలు పైకి తేలతాయి, దాంతో చేపలు విపరీతంగా పెరుగుతాయి. వాన పడకపోవడానికీ ఆ చల్లటి నీళ్ళే ఒక కారణం. అంటే ఏ ప్రవాహం భూమిని ఎండబెట్టిందో అదే ప్రవాహం సముద్రాన్ని నింపింది. ఇక తూర్పుకి వెళ్తే ఆండీస్ కొండలు, కొండలు దాటితే అమెజాన్ అడవి. సముద్రం, కొండ, అడవి, ఈ మూడింటి సరుకూ దిగే ఊరు లీమా.

ఇప్పుడు మొదటి ప్లేటు. సెవిచే. పచ్చి చేపని ముక్కలు కోసి, నిమ్మరసం, ఉప్పు, పచ్చిమిర్చి, సన్నగా తరిగిన ఎర్ర ఉల్లిపాయ, కొత్తిమీర వేసి కలుపుతారు. పక్కన ఉడికించిన చిలగడదుంప, పెద్ద గింజల మొక్కజొన్న పెడతారు. అంతే. పొయ్యి లేదు. ఆ గిన్నెలో అడుగున మిగిలే తెల్లటి పుల్లటి రసాన్ని లెచె దె తిగ్రె అంటారు. అంటే పులి పాలు. గ్లాసులో పోసి విడిగా కూడా అమ్ముతారు. రాత్రి పార్టీ చేసుకుని పొద్దున తల పట్టుకున్నవాళ్ళు దీన్నే మందుగా తాగుతారు.

నిమ్మరసం పడగానే చేప తెల్లగా, గట్టిగా అవుతుంది. వేడి తగిలితే ప్రోటీన్ ఎలా మారుతుందో పులుపు తగిలినా కొంచెం అలాగే మారుతుంది. చూడటానికి ఉడికినట్టు ఉంటుంది. కానీ క్రిములు చావాలంటే ఈ పులుపు చాలదు. అందుకే చేప తాజాగా ఉండటం అన్నది అక్కడ ప్రాణంతో సమానం. లీమాలో సెవిచేరియాలు, అంటే సెవిచే హోటళ్ళు, చాలావరకు మధ్యాహ్నమే తెరిచి ఉంటాయి. సాయంత్రం నాలుగూ అయిదుకల్లా షట్టర్ దించేస్తారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి అయిపోవాలి కదా, ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మా పాత ఆఫీస్ టీమ్‌లో ఇద్దరు లీమా వాళ్ళు ఉండేవాళ్ళు. నేను వస్తున్నానని చెప్తే వాళ్ళు ఇచ్చిన మొదటి సలహా ఇదే: "రాత్రి పూట సెవిచే అమ్మేవాడు టూరిస్టుల కోసం అమ్ముతున్నాడు."

ఇక్కడ 1991 సంగతి చెప్పాలి. ఆ ఏడాది జనవరిలో పెరూ తీరంలో కలరా మొదలైంది. ఒక్క ఏడాదిలో 3 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. సెవిచే తినొద్దని భయం పుట్టి, చేపలు పట్టేవాళ్ళు, అమ్మేవాళ్ళు రోడ్డున పడ్డారు. అప్పటి అధ్యక్షుడు ఫుజిమోరి జనం ముందు సెవిచే తిని చూపించాల్సి వచ్చింది. అయితే అంత మందికి పాకడానికి అసలు కారణం ఒక వంటకం కాదండి. నీళ్ళు, డ్రైనేజీ. క్లోరిన్ కలపని నీళ్ళు, పైపు లేని బస్తీలు. ఈ నీళ్ళ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం. అదే సెవిచే 2023 డిసెంబర్‌లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

రెండో ప్లేటు. చీఫా. లీమాలో ఏ వీధికి వెళ్ళినా చీఫా అని బోర్డు కనిపిస్తుంది. చైనీస్ హోటల్ అన్నమాట. కాంటనీస్ భాషలో అన్నం తినడం అనే మాట నుంచి వచ్చిందని చెప్తారు. మనం కూడా "భోంచేశావా" అనడానికి "అన్నం తిన్నావా" అనే అంటాం కదా, అలాంటిదే.

కానీ చైనా వాళ్ళు పెరూకి హోటల్ పెట్టుకోవడానికి రాలేదు. 1849 నుంచి 1874 మధ్యలో సుమారు లక్ష మందిని కూలి ఒప్పందాల మీద ఓడల్లో తీసుకొచ్చారు. 1854 లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో పని చేసేవాళ్ళు కావాలి. ఎరువు కోసం పక్షుల రెట్ట తవ్వే దీవుల్లో కూడా వీళ్ళనే దింపారు. ఒప్పందం అని పేరే గానీ బతుకు మాత్రం బానిస బతుకే. ఇది మనకి తెలియని కథ కాదు. అదే కాలంలో మన కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి తెలుగువాళ్ళు ఓడలెక్కారు, మారిషస్ తోటలకి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి. కూలీ అనే మాటనే అన్ని దేశాల్లోనూ వాడారు.

ఒప్పందం తీరాక బయటపడ్డ చైనా వాళ్ళు లీమాలో కాపోన్ వీధి చుట్టుపక్కల చేరారు. చిన్న చిన్న పూటకూళ్ళు పెట్టారు. పెద్ద మంట మీద బాణలి, సోయా సాస్, అల్లం వాళ్ళవి. ఉల్లిపాయ, టమాటా, పసుపు పచ్చ మిరపకాయ ఇక్కడివి. రెండూ కలిసి లోమో సాల్తాదో అయింది: గొడ్డు మాంసం ముక్కలు, ఉల్లిపాయ, టమాటా పెద్ద మంట మీద గబగబా తిప్పి, అందులోనే వేయించిన బంగాళదుంప ముక్కలు కలిపి, పక్కన అన్నం పెట్టి ఇస్తారు. ఒకే ప్లేటులో బంగాళదుంప కూడా, అన్నం కూడా. బీఫ్ తిననివాళ్ళు కోడితో చేసింది అడగండి, పోయో సాల్తాదో అంటారు. ఫ్రైడ్ రైస్‌ని ఆరోస్ చౌఫా అంటారు. మన ఊళ్ళో సాయంత్రం బండి మీద ఫ్రైడ్ రైస్ తిని పెరిగినవాడు అక్కడ అస్సలు బెంగ పెట్టుకోడు.

దాంతో పాటు ఇంకా కోలా తాగుతారు. ఇంకా అంటే ఇంకా సామ్రాజ్యం. పచ్చగా పసుపు రంగులో, బబుల్‌గమ్ వాసనతో ఉంటుంది. 1935 నుంచి ఉంది. దాన్ని ఓడించలేక కోకా కోలా కంపెనీ 1999 లో అందులో వాటా కొనుక్కుంది. మన థమ్స్ అప్ కథ కూడా దగ్గర దగ్గర ఇంతే, 1993 లో కొనేశారు. రెండూ ఇప్పటికీ సొంత ఊళ్ళో సొంత పేరుతోనే అమ్ముడవుతున్నాయి.

మూడోది జపాన్ వాళ్ళది. 1899 లో సకురా మారు అనే ఓడలో 790 మంది కయ్యావో రేవులో దిగారు. వీళ్ళూ తోట పనికి వచ్చినవాళ్ళే. వెనకటికి సెవిచేని గంటల తరబడి నిమ్మరసంలో నానబెట్టేవాళ్ళు. ఇప్పుడు కలిపిన కొద్ది నిమిషాల్లోనే వడ్డిస్తారు. ఈ మార్పు జపాన్ వంటవాళ్ళ చలవే అని అక్కడ చెప్తారు. జపాన్, పెరూ కలిసిన ఈ వంటని నిక్కెయ్ అంటారు. ఇందాక చెప్పిన మైదో ఆ వంటదే.

నాలుగోది ఆంతికూచో. సాయంత్రం వీధి చివర బొగ్గుల కుంపటి, దాని మీద పుల్లకి గుచ్చిన మాంసం ముక్కలు, ఆ పొగ వాసన. అది ఎద్దు గుండె. ఎర్ర మిరప ముద్ద, వెనిగర్, వెల్లుల్లి, జీలకర్ర పట్టించి కాలుస్తారు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలకి దొరలు మంచి మాంసం తమ కోసం ఉంచుకుని, గుండె, పేగులు పారేసినట్టు ఇచ్చేవాళ్ళు. వాళ్ళు దాన్నే ఊరంతా లైను కట్టే వంట చేశారు. మన దగ్గర తలకాయ కూర, బోటి కూర తిన్నవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

దాని పక్కనే పికరోనెస్ అమ్ముతారు. గుమ్మడికాయ, చిలగడదుంప పిండిలో కలిపి, గారెల్లాగా మధ్యలో చిల్లు పెట్టి నూనెలో వేయిస్తారు. పైన చంకాకా పాకం పోస్తారు. చంకాకా అంటే ఏంటో తెలుసా? మన బెల్లం. ఆ పాకంలో లవంగం, దాల్చినచెక్క వేస్తారు. బెల్లం గారెలు తిన్న నోటికి ఎంత హాయిగా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. వెజ్ దొరుకుతుందా? దొరుకుతుంది, కానీ అడిగే పద్ధతి తెలియాలి. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని అర్థం, కానీ వాళ్ళ లెక్కలో కోడి మాంసం కిందకి రాదు. నిజం. అందుకని "నీ కార్నే, నీ పోయో, నీ పెస్కాదో" అనండి. మాంసం వద్దు, కోడి వద్దు, చేప వద్దు. సూప్ నీళ్ళు కోడివి కావచ్చు, అదీ అడగండి. కూరగాయల చౌఫా, ఉడికించిన దుంపల మీద పసుపు మిర్చి, జున్ను కలిపిన సాస్ పోసిన పాపా ఆ లా ఉవాంకైనా, మిగిలిన అన్నం, చిక్కుడు గింజలు కలిపి పెనం మీద కాల్చే తాకు తాకు, ఇవి కడుపు నింపుతాయి. తాకు తాకులో పంది కొవ్వు వాడతారేమో అడిగి తినండి.

తక్కువ ఖర్చులో తినాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకి ఏ మామూలు వీధిలోకైనా వెళ్ళి "మెనూ" అని పలక మీద రాసి ఉన్న చోట కూర్చోండి. మెనూ అంటే ఐటమ్స్ లిస్టు కాదు. మన మీల్స్ లాంటిది. ముందు సూప్ గానీ చిన్న ప్లేటు గానీ, తర్వాత అన్నంతో పెద్ద ప్లేటు, ఒక గ్లాసు డ్రింక్. ఎక్కువగా చీచా మొరాదా ఉంటుంది. ఊదా రంగు మొక్కజొన్నని అనాస తొక్కలు, దాల్చినచెక్క, లవంగంతో మరిగించి నిమ్మరసం పిండి ఇస్తారు. నేను తిన్న చోట 15 సోల్స్. ఒక సోల్ మన డబ్బుల్లో సుమారు 25 రూపాయలు.

మార్కెట్‌లో జ్యూస్ తాగితే ఇంకో ముచ్చట. అమ్మే ఆవిడ మిమ్మల్ని కసేరో అని పిలుస్తుంది, మీరు ఆవిడని కసేరా అనాలి. అంటే వాడుక మనిషి అన్నమాట. గ్లాసు అయ్యాక మిక్సీలో మిగిలింది మళ్ళీ మీ గ్లాసులో పోస్తుంది. దాని పేరు యాపా, కెచువా భాషలో మాట. స్పానిష్ వాళ్ళకి దీన్ని వివరించాలంటే ఒక వాక్యం కావాలేమో. మనకి ఒక్క మాట చాలు: కొసరు.

ఇక మూడో విషయం. ఈ వంటకి ఖరీదు ఎవరు కట్టారు?

ఇప్పటిదాకా చెప్పినవి ఒకసారి చూడండి. బానిసలు, చైనా కూలీలు, జపాన్ కూలీలు. ఇంకొకళ్ళు మిగిలారు. కొండల వాళ్ళు. బంగాళదుంప పుట్టిల్లు ఆండీస్. అక్కడ 4,000 కి పైగా నాటు రకాలున్నాయి. ప్రపంచ బంగాళదుంప పరిశోధన కేంద్రం 1971 నుంచి లీమాలోనే ఉంది. మన వేరుశనగ, టమాటా మూలాలు కూడా దక్షిణ అమెరికావే. అనంతపురం రైతు బతుకుని శాసించే పల్లీ ఆ ఖండం నుంచి వచ్చిందే. సిపాన్ అనే చోట పాత రాజు సమాధిలో బంగారంతో చేసిన వేరుశనగకాయల హారం దొరికింది.

అంత గొప్ప పంటలు పండించిన కెచువా వాళ్ళని లీమా పెద్దమనుషులు చాలాకాలం చిన్నచూపు చూశారు. కినోవా అంటే కొండోళ్ళ తిండి అని మొహం చిట్లించేవాళ్ళు. ఖరీదైన హోటల్ అంటే ఫ్రెంచ్ వంటే. గాస్తోన్ అకూరియో అనే చెఫ్ కూడా 1994 లో లీమాలో హోటల్ తెరిచినప్పుడు ఫ్రెంచ్ వంటతోనే మొదలుపెట్టాడు. తర్వాత తిరిగి తన దేశం సరుకు మీదకి వచ్చాడు, మిగతా చెఫ్‌లని తెచ్చాడు. 2013 ని ఐక్యరాజ్యసమితి కినోవా సంవత్సరం అంది. సరిగ్గా పదేళ్ళకి, 2023 ని మిల్లెట్ సంవత్సరం అంది, దాన్ని అడిగింది మన దేశం. కొర్రలు, సామలు, జొన్న సంకటి పేదోళ్ళ తిండి అన్న నోళ్ళే ఇప్పుడు ప్యాకెట్ కొంటున్నాయి. రెండు కథలూ ఒకటే. తిండికి గౌరవం వచ్చింది. మంచిదే. పండించిన మనిషికి వచ్చిందా?

సెంత్రాల్ లాంటి చోట ఒక మనిషి భోజనం వెయ్యి సోల్స్ దాటుతుంది. 2025 జనవరి నుంచి పెరూలో నెల కనీస వేతనం 1,130 సోల్స్. ఒక పూట, ఒక నెల. నేను ఆ హోటళ్ళని తప్పుపట్టట్లేదు, వాళ్ళ పని గొప్పది. లెక్క మాత్రం చెప్తున్నా.

ఇప్పుడు లీమా అంచులకి వెళ్దాం. 1980 నుంచి 2000 దాకా పెరూలో అంతర్యుద్ధం నడిచింది. సత్య కమిషన్ అంచనా ప్రకారం సుమారు 69 వేల మంది చనిపోయారు లేదా మాయమయ్యారు. ఎక్కువమంది కెచువా మాట్లాడే పల్లెల వాళ్ళు. అంతకు ముందు పని కోసం వచ్చినవాళ్ళు, అప్పుడు ప్రాణం కోసం వచ్చినవాళ్ళు లీమా చుట్టూ ఇసుక దిబ్బల మీద, రాతి కొండల మీద చాపలతో ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పటికీ చాలా ఇళ్ళకి నీళ్ళ పైపు లేదు. ట్యాంకర్ నీళ్ళు డ్రమ్ముల్లో కొనాలి. పైపు ఉన్న ధనవంతుడి కంటే లీటరుకి ఎన్నో రెట్లు ఎక్కువ కడతారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న నీళ్ళు ఇవే.

అక్కడ ఆడవాళ్ళు ఒక దారి కనిపెట్టారు. పది ఇళ్ళు పది పొయ్యిలు వెలిగించే బదులు, సరుకులు కలిపి ఒకే పెద్ద గుండిగలో వండటం. దీన్ని ఒయా కొమూన్ అంటారు, అంటే ఉమ్మడి కుండ. 2020 లో కోవిడ్ వచ్చి పనులు ఆగిపోయినప్పుడు ఇవి ఊరి చుట్టూ పుట్టుకొచ్చాయి. 2022 లో వీటిని గుర్తిస్తూ చట్టం కూడా వచ్చింది. ఎవరికైనా జబ్బు చేస్తే పొయాదా పెడతారు. కోడి వేపుడు ప్లేట్లకి ముందే టికెట్లు అమ్మి, వచ్చిన డబ్బు ఆస్పత్రికి కడతారు. ఇవాళ నువ్వు నా టికెట్ కొను, రేపు నీది నేను కొంటా. అంతే ఇన్సూరెన్స్.

వీయా ఎల్ సాల్వదోర్ అనే బస్తీలో మరియా ఎలెనా మొయానో అని ఒకావిడ ఉండేది. పిల్లలకి పాలు, ఉమ్మడి వంటశాలలు నడిపే ఆడవాళ్ళ సంఘానికి నాయకురాలు. షైనింగ్ పాత్ సాయుధ దళం ఈ వంటశాలలంటే మండిపడేది. ఆకలి తీరితే జనం తమ వెంట రారని వాళ్ళ లెక్క. ఆవిడ భయపడలేదు, వాళ్ళకి ఎదురు నిలబడింది. 1992 ఫిబ్రవరి 15 న ఆవిడని చంపేశారు. 33 ఏళ్ళు. గంజి కుండ కోసం మనిషి ప్రాణం పోయిన ఊరండి అది.

ఇంకో అంకె. ఆ సముద్రంలో దొరికే ఆంచోవెటా అనే చిన్న చేప, ప్రపంచంలోనే ఒకే జాతిని పట్టే అతి పెద్ద వేట. అందులో ఎక్కువ భాగం పొడి చేసి, చేపల చెరువులకి, జంతువుల మేతకి ఎగుమతి చేస్తారు. అదే పెరూలో మూడేళ్ళ లోపు పిల్లల్లో పది మందిలో నలుగురికి రక్తహీనత. అక్కడి ఆరోగ్య కార్యకర్తలు పిల్లలకి సంగ్రెసీతా పెట్టమని చెప్తున్నారు. అంటే కోడి రక్తం వేపుడు. మన దగ్గర కొన్ని చోట్ల నల్ల అంటారు చూడండి, అలాంటిదే.

అయ్యో పాపం పెరూ అనుకోకండి. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అయిదో విడత తీసి చూడండి. అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. వయసుల లెక్క వేరు కాబట్టి రెండు దేశాలనీ నేరుగా పోల్చకూడదు. కానీ బిర్యానీకి ప్రపంచ పేరుందని చెప్పుకునే మనం ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

కాబట్టి లీమా వెళ్తే నేను చెప్పేది ఇది. డబ్బుంటే పెద్ద హోటల్‌కి వెళ్ళండి, తప్పేం లేదు. కానీ ఒక పూట మెనూ తినండి, ఒక సాయంత్రం ఆంతికూచో బండి దగ్గర నిలబడండి, మార్కెట్‌లో దుంపల పేర్లు అడగండి. ఏది తిన్నా "ఇది మొదట ఎవరు వండారు, వాళ్ళకి అప్పుడు ఏం మిగిలింది" అని అడగండి. లీమా వెళ్ళలేకపోతే మన ఊళ్ళోనే అడగండి. బోటి కూర దగ్గర అడగండి, జొన్న రొట్టె దగ్గర అడగండి, అంగన్‌వాడీలో గుడ్డు రోజూ వస్తోందా అని అడగండి. ఆ చివరి ప్రశ్నకి జవాబు మీ వీధిలోనే దొరుకుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో వేరుశనగ అక్కడి నుంచి మన చేలల్లోకి ఎలా వచ్చిందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటానండి. నమస్తే.